డీజిల్ లేని లోకో దండగ బరువేనా? యార్డుల్లో స్లగ్ చేసే పని

మీరు అడిగిన ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. అమెరికాలో మీ అబ్బాయి ఇంటికి దగ్గరలో ఉన్న రైల్వే యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ జరిపే ఒక మామూలు షంటింగ్ లోకోకు పొట్టిగా, బోడిగా, పొగా చప్పుడూ లేని ఇంకో బండిని ఎప్పుడూ తగిలించి ఉంచడం చూశారు. దాని లోపల డీజిల్ ఇంజనే లేదని అక్కడి ఉద్యోగి చెప్పాడు. అలాంటప్పుడు ఆ దండగ బరువును రోజంతా లాక్కుని తిరగడం ఎందుకన్నది మీ మొదటి ప్రశ్న. మన దగ్గర పక్కన పెట్టేసిన పాత డీజిల్ లోకోలను ఇలా వాడుకోలేమా అన్నది రెండోది. నేను కాజీపేటలో డీజిల్ షెడ్డు పని నేర్చుకుని, తరువాత ఇరవై ఏళ్లకు పైగా అమెరికా యార్డుల్లో లోకోల ఎలక్ట్రికల్ మరమ్మతులు చేసినవాణ్ని. ఈ బండ్ల కింద పడుకుని చేసిన పని చాలానే ఉంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు చూసిన బండిని అక్కడ స్లగ్ అంటారు. దానికి కరెంటు ఇచ్చే పక్క లోకోను మదర్, అంటే తల్లి, అంటారు. స్లగ్‌లో డీజిల్ ఇంజను ఉండదు, జనరేటరు ఉండదు, చాలావాటికి డ్రైవరు కూర్చునే క్యాబ్ కూడా ఉండదు. బోగీలు (అంటే పెట్టెలు కాదు, చక్రాలూ ఇరుసులూ బిగించి ఉండే కింది చట్రాలు), వాటిలో ఇరుసుకొకటి చొప్పున జనరేటరు కరెంటుతో చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లు, బ్రేకులు, ఇసుక పెట్టెలు, మోటార్లను చల్లబరిచే బ్లోయర్లు మాత్రం అన్నీ ఉంటాయి. ఇంజను, జనరేటరు తీసేసిన చోట కాంక్రీటు పోస్తారు, లేదా ఉక్కు దిమ్మెలు పేరుస్తారు. కాబట్టి అది మోసుకు తిరిగే బరువు కాదు, తన చక్రాలతో తానే లాగే బరువు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇది అర్థం కావాలంటే హార్స్‌పవర్ వేరు, లాగే బలం వేరు అన్న సంగతి మనసుకు పట్టాలి. వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరును చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. ఇంజను గట్టిగానే అరుస్తుంది, చక్రం మాత్రం బురదలో ఉన్నచోటే తిరుగుతుంది. అక్కడ కొరత శక్తిది కాదు, పట్టుది. అందుకే దమ్ము చక్రాలు బిగిస్తారు. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రం పరిస్థితీ ఇదే. పొడి పట్టాల మీద ఇసుక వేసుకుంటూ పోయినా, పాతకాలపు డీసీ మోటార్ల లోకో తన బరువులో నాలుగో వంతుకు మించి లాగగలదని ఆశించకూడదు. మంచు పడినా, పట్టాల మీద నూనె మరకలున్నా అది ఇంకా తగ్గుతుంది.

లెక్క వేసి చూద్దాం. అమెరికా యార్డుల్లో ఎక్కువగా కనిపించే, ఈఎండీ అనే కంపెనీ కట్టిన జీపీ38-2 లోకో 2000 హార్స్‌పవర్‌ది. నాలుగు ఇరుసులు, బరువు దాదాపు 113 టన్నులు. ఇంజను శక్తిలో ఎనభై శాతం పైచిలుకు చక్రాలకు చేరుతుందనుకుంటే, గంటకు 16 కిలోమీటర్ల వేగంలో ఆ శక్తి దాదాపు 28 టన్నుల లాగుడుకు సమానం. బరువులో నాలుగో వంతు కూడా 28 టన్నులే. అంటే ఆ వేగం దగ్గర శక్తీ పట్టూ సరిసమానంగా ఉన్నాయి. వేగం 8 కిలోమీటర్లకు దిగితే అదే శక్తికి 56 టన్నులు లాగే సత్తా ఉంటుంది, కానీ చక్రాల పట్టు 28 టన్నుల దగ్గరే ఆగిపోతుంది. 4 కిలోమీటర్లకు దిగితే ఇంజను శక్తిలో ముప్పాతిక భాగం ఎందుకూ పనికిరాదు. మనిషి నడక కన్నా తక్కువ వేగంలో రోజంతా పని చేసే లోకోకు 2000 హార్స్‌పవర్ ఉండి ఏం లాభం? ఆ మిగిలిపోయిన శక్తిని పట్టుకోవడానికి మరో నాలుగు ఇరుసులు కావాలి. వాటిని ఇచ్చేదే స్లగ్. అది కూడా అంతే బరువుంటే మొత్తం 226 టన్నులు పట్టాల మీద ఆనుతుంది, 56 టన్నుల లాగుడు దొరుకుతుంది. 8 కిలోమీటర్ల వేగంలోనే ఇంజను పూర్తి శక్తి పనిలోకి వస్తుంది. డీజిల్ తాగే ఇంజను మాత్రం ఒక్కటే.

మరి అంత మెల్లగా ఎందుకు నడపాలి అంటారేమో. హంప్ యార్డు పనితీరు అలాంటిది. హంప్ అంటే వ్యాగన్లను వేరు చేసి సర్దడానికి యార్డు మధ్యలో కట్టిన చిన్న దిబ్బ. వచ్చిన రేకును, అంటే వ్యాగన్ల వరుసను, లోకో వెనక నుంచి ఆ దిబ్బ పైకి నెడుతుంది. కొనకొచ్చిన వ్యాగన్ కప్లింగ్ విప్పుతారు. అది తన బరువుతో అవతలి వైపు దొర్లిపోయి, పట్టాల దారి మార్చే పాయింట్లు ఎటు వేసి ఉంటే ఆ లైనులోకి వెళ్లి చేరుతుంది. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్త్ ప్లాట్ దగ్గర యూనియన్ పసిఫిక్ రైల్వే వారి బెయిలీ యార్డు ఈ తరహా యార్డుల్లో ప్రపంచంలోనే పెద్దది. అక్కడ ఇలాంటి దిబ్బలు రెండున్నాయి, ఒకటి 34 అడుగుల ఎత్తు, రెండోది 20 అడుగులు. వ్యాగన్‌కూ వ్యాగన్‌కూ మధ్య పాయింటు మారేంత వ్యవధి ఉండాలి కాబట్టి నెట్టే వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు దాటనివ్వరు, పైగా ఆ వేగం ఒకే తీరుగా ఉండాలి. లోకో ఒక్క క్షణం చక్రం జారి మళ్లీ పట్టుకుంటే ఆ కుదుపు రేకు మొత్తం పాకి, దిబ్బ కొన మీద కప్లింగ్ విప్పుతున్న మనిషి దాకా వస్తుంది.

6000 టన్నుల రేకును ఉదాహరణగా తీసుకోండి. నిలిచి ఉన్నదాన్ని కదిలించడానికి టన్నుకు నాలుగున్నర కిలోల చొప్పున 27 టన్నుల తోపు కావాలి. అందులో వెయ్యి టన్నులు నూటికొకటి వాలు మీద ఉంటే ఇంకో పది కలపాలి. మొత్తం 37. ఒంటరి లోకోకు ఉన్న 28 టన్నుల పట్టుతో అది కదలదు. స్లగ్‌తో కలిసి 56 టన్నుల పట్టున్న జంటకు అది ఇబ్బంది లేని పని. ఇవి నేను చేతితో వేసిన లెక్కలే, వాతావరణాన్ని బట్టీ రేకు స్థితిని బట్టీ మారతాయి. అయినా అసలు విషయం వీటిలో కనపడుతుంది.

పట్టు ఒక్కటే అయితే మామూలు లోకో మీదే మరికొంత ఉక్కు వేసి బరువు పెంచితే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. కొంతవరకే కుదురుతుంది, ఎందుకంటే పట్టాలు, వంతెనలు మోయగలిగిన ఇరుసు బరువుకు ఒక హద్దు ఉంది. ఇంతకన్నా ముఖ్యమైన అడ్డంకి ఒకటుంది. నేను ఎలక్ట్రికల్ మనిషిని గనుక దాని గురించి నిలిచి చెప్పాలనిపిస్తుంది. అది మోటారు వేడి.

ట్రాక్షన్ మోటారు మెల్లగా తిరుగుతున్నప్పుడు దానిలో పుట్టే ఎదురు వోల్టేజీ తక్కువగా ఉంటుంది, అందుచేత కొద్దిపాటి వోల్టేజీకే విపరీతమైన కరెంటు లాగుతుంది. ఆ తరం మోటార్లు నిలకడగా భరించే కరెంటు వెయ్యి ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంతకు మించితే ఇన్ని నిమిషాలే నడపాలని క్యాబ్‌లోని ఆమ్మీటరు పక్కనే రాసి పెడతారు. వేడి కరెంటు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. అదే లాగుడును నాలుగు మోటార్లకు బదులు ఎనిమిది పంచుకుంటే ఒక్కోదాని కరెంటు సగానికి దగ్గరగా దిగుతుంది, వేడి మూడో వంతుకో అంతకన్నా కిందికో పడిపోతుంది. స్లగ్ లేని లోకోతో నెలల తరబడి హంప్ పని చేయించిన మోటారును విప్పి చూస్తే, తిరిగే భాగమైన ఆర్మేచర్ తీగల చుట్టూ ఉండే ఇన్సులేషన్ ఎండిన అప్పడంలా పెళపెళ విరిగిపోయేది. స్లగ్‌తో జంటగా తిరిగిన మోటార్లు అదే పనిలో ఎన్నో ఏళ్లు నిలిచాయి. యాజమాన్యాలు డీజిల్ ఆదా గురించే ఎక్కువ మాట్లాడతాయి గానీ, నా దృష్టిలో స్లగ్ చేసే అసలు మేలు మోటార్లను బతికించడమే.

ఇంతకీ తల్లి లోకో దగ్గర అంత కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? మెల్లగా కదిలేటప్పుడు జనరేటరు ఇవ్వగలిగిన వోల్టేజీలో చాలా భాగం వాడకం లేకుండా ఉండిపోతుంది. చాలా అమరికల్లో తల్లి మోటార్లకూ స్లగ్ మోటార్లకూ సిరీస్‌లో కలుపు ఇస్తారు. తల్లి మోటారులోంచి వచ్చిన కరెంటే స్లగ్ మోటారులోకి పోతుంది. కరెంటు పెరగదు, ఖాళీగా ఉన్న వోల్టేజీ మాత్రం పనిలోకి వస్తుంది. వేగం పెరిగేకొద్దీ రెండు మోటార్ల ఎదురు వోల్టేజీలూ కలిసి పెరుగుతాయి, ఒక దశలో జనరేటరు వోల్టేజీ చాలదు. అప్పుడు స్లగ్‌ను సర్క్యూట్ నుంచి తప్పిస్తారు. సాధారణంగా రిలేలు అనే స్విచ్చులు ఆ పనిని వాటంతట అవే చేస్తాయి. అక్కడి నుంచి అది నిజంగానే మీరన్నట్టు లాక్కెళ్లే బరువు. యార్డు స్లగ్‌ను మెయిన్ లైను వేగాల్లో తిప్పడం వృథా అనేది ఇందుకే.

ఈసారి యార్డు దగ్గరకు వెళితే కంచె అవతలి నుంచే ఆ రెండు బండ్ల మధ్య సందును గమనించండి. మామూలుగా రెండు లోకోలు కలిసినప్పుడు ఉండే బ్రేకు గొట్టాలు, కంట్రోలు కేబులు ఇక్కడా ఉంటాయి. వాటితోపాటు మణికట్టు లావున ఉన్న నల్లటి పవర్ కేబుళ్లు జంటలు జంటలుగా వేలాడుతూ కనపడతాయి. మెలిక తిరిగిన లైనులో బండ్లు వంగినప్పుడు లాగుకుపోకుండా వాటిని కాస్త వదులుగా వేలాడదీస్తారు. స్లగ్ పక్కన నిలబడితే ఇంజను మోత వినపడదు, బ్లోయరు హోరు మాత్రం వినపడుతుంది. దాని జాలీ దగ్గర చెయ్యి పెడితే గాలి లోపలికి లాగుతుంటుంది. ఆ గాలి ఆగిపోతే మోటార్లు గంటలో పాడవుతాయి కనుక షిఫ్టు మొదట్లో నేను మొట్టమొదట చూసేది ఆ జాలీనే. శీతకాలంలో దానికి మంచు పట్టి మూసుకుపోతుంది.

ఆ కేబుళ్ల విషయంలో మా యార్డులో ఒకసారి జరిగింది చెబుతాను. మరమ్మతు నుంచి వచ్చిన స్లగ్‌ను రాత్రి షిఫ్టులో తల్లికి కలిపారు. ఒక కేబులు ప్లగ్గు పూర్తిగా కూర్చోలేదు, బిగింపు సగంలో ఆగిపోయింది. పైకి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. రేకును దిబ్బ మీదికి సగం నెట్టేసరికి కాలిన రబ్బరు వాసన వచ్చింది. రక్షణ రిలే పడిపోయి స్లగ్ సర్క్యూట్ నుంచి తప్పుకుంది. ఒంటరిగా మిగిలిన తల్లి చక్రాలు జారి రేకు నిలిచిపోయింది. నేను వెళ్లి ప్లగ్గు ఊడదీస్తే రాగి పిన్ను నీలంగా మారి ఉంది, దాని అంచు కరిగి చిన్న పూసలా గడ్డకట్టింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆనాటి నుంచి ప్లగ్గు కూర్చున్నదీ లేనిదీ కళ్లతో చూసి సరిపెట్టుకోకుండా, చేత్తో లాగి చూసిన తరువాతే సంతకం పెట్టే అలవాటు చేసుకున్నాను, నా కింద పనిచేసిన పిల్లలకూ అదే నేర్పాను.

పేర్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ గందరగోళం చాలా ఎక్కువ. క్యాబ్ లేని ప్రతి లోకో స్లగ్ కాదు. బీ యూనిట్ అనేదానికి క్యాబ్ ఉండదు గాని ఇంజను ఉంటుంది. 1940లలో ఈఎండీ అమ్మిన ఆవు-దూడ జంటల్లో కూడా దూడకు తన సొంత ఇంజను ఉంది. ఇంగ్లండులో షెఫీల్డు దగ్గరి టిన్స్లీ యార్డు కోసం 1965లో రెండేసి షంటింగ్ లోకోలను కలిపి మూడు జతలు తయారు చేశారు. క్లాస్ 13 అనే ఆ జతల్లో ఒకదాని క్యాబ్ కోసేశారు గాని ఇంజను అలాగే ఉంచారు. పని అదే, హంప్ మీదికి నెట్టడమే, కానీ వాటిని స్లగ్ అనకూడదు. 1985 నాటికి అవి మూలపడ్డాయి.

నిజమైన స్లగ్‌లు చాలా వరకు పాత లోకోల నుంచి పుట్టినవే. ఇంజను అరిగిపోయినా, విడిభాగాలు దొరకకపోయినా, ఫ్రేము, బోగీలు, మోటార్లు ఇంకా దిట్టంగా ఉన్న లోకోను వర్క్‌షాపుకు తెచ్చి పైభాగం కోసేస్తారు. ఇంజను, జనరేటరు కలిపి ఇరవై టన్నుల పైమాటే పోతుంది కాబట్టి ఆ బరువును తిరిగి నింపుతారు. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వారు ఫెయిర్‌బ్యాంక్స్-మోర్స్ ట్రైన్‌మాస్టర్ అనే ఆరిరుసుల 2400 హార్స్‌పవర్ లోకోలను ఇలాగే మార్చుకున్నారు. ఒక్కో సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా నడిచే వాటి ఇంజన్లు మరమ్మతు చేసేవారికి పెద్ద తలనొప్పి, ఫ్రేములు మాత్రం ఉక్కు కోటల్లాంటివి. నా అభిప్రాయంలో ఒక పాత యంత్రానికి ఇంతకన్నా గౌరవమైన రెండో జీవితం దొరకడం కష్టం.

కొత్తగా కట్టినవీ లేకపోలేదు. 1970ల తొలినాళ్లలో సీబోర్డ్ కోస్ట్ లైన్ రైల్వే కోసం జనరల్ ఎలక్ట్రిక్ మేట్ అనే పేరుతో 25 స్లగ్‌లు కట్టింది. వాటి తల్లి యూ36బీ అనే 3600 హార్స్‌పవర్ లోకో. అంత శక్తి నాలుగే ఇరుసుల మీద ఉందంటే తక్కువ వేగంలో ఎంత మిగిలిపోతుందో పై లెక్కను బట్టి మీరే ఊహించవచ్చు. మేట్‌లో ఇంధన ట్యాంకు కూడా ఉండేది, ఇంజను లేకపోయినా తల్లికి కావలసిన డీజిల్ మోసేది. ఆ తరువాత సదరన్ పసిఫిక్ వారు పాత యూ25బీ లోకోలను మోరిసన్-నూడ్సన్ అనే కంపెనీ దగ్గర మార్పించి, రెండు లోకోల మధ్య ఒక స్లగ్ చొప్పున నడిపారు. సీఎస్ఎక్స్ రైల్వే వారు పాత జీపీ30, జీపీ35 లోకోల ఇంజన్లు తీసేసి క్యాబ్ మాత్రం ఉంచుకున్నారు. అందువల్ల జంటను ఎటు వైపు నుంచైనా నడపవచ్చు, చివర తిప్పుకోవలసిన పని లేదు. ఇవి రోడ్ స్లగ్‌లు, అంటే యార్డు దాటి ఊళ్ల మధ్య తిరిగే గూడ్సులకు కూడా పనికివచ్చేవి. దిగుడులో మోటార్లతో బ్రేకు వేసినప్పుడు స్లగ్ మోటార్లు కూడా సాయపడేలా కొన్నింటిని అమర్చారు.

లోపాలు కూడా చెప్పాలి. తల్లి చెడిపోతే స్లగ్ ఒక్క అడుగు కదలదు. స్లగ్ షెడ్డుకు వెళితే తల్లి సగం పనే చేయగలదు. రెండింటినీ జంటగానే షెడ్యూలు వేయాలి. చిన్న యార్డుల్లో జంట పొడవు ఒక వ్యాగన్ చోటును మింగేస్తుంది. మరో సంగతి, ఏసీ మోటార్లు, చక్రం జారడాన్ని క్షణంలో పసిగట్టి సరిదిద్దే కంప్యూటర్లు వచ్చాక కొత్త లోకోలు తమ బరువులో మూడో వంతుకు పైగా లాగగలుగుతున్నాయి. అందువల్ల స్లగ్ అవసరం ఒకప్పుడున్నంత లేదు. అయినా ఉన్న పాత లోకోలతోనే పని గడుపుకోవాలనుకునే యార్డుల్లో వీటికి ఇంకా చోటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. మన పాత డబ్ల్యుడిఎం-3ఏ, డబ్ల్యుడిజి-3ఏ లోకోలను స్లగ్‌లుగా మార్చవచ్చా? సాంకేతికంగా అడ్డేమీ లేదు, వాటి డీసీ మోటార్లు, బోగీలు ఇందుకు తగినవే. అయితే దక్కే ప్రయోజనం తక్కువని నా నిర్ణయం, దానికి రెండు కారణాలున్నాయి. మన రైల్వేలు 1980ల నుంచి వ్యాగన్లను ఏరి కూర్చే పద్ధతి తగ్గించి, బయలుదేరిన చోటి నుంచి చేరే చోటిదాకా ఒకే రేకుగా నడిపే పద్ధతికి మళ్లాయి. సింగరేణి బొగ్గు రేకు థర్మల్ స్టేషనుకు చేరేవరకు విడదీయరు. హంప్ మీద రోజంతా నెట్టే పని మన దగ్గర క్రమంగా తగ్గిపోయింది. రెండో కారణం, మన షంటింగ్ లోకో డబ్ల్యుడిఎస్-6 రూపకల్పనలోనే ఈ సమస్యకు జవాబుంది. అది 1400 హార్స్‌పవర్ లోపు చిన్న ఇంజనుతో, 126 టన్నుల బరువుతో, ఆరు ఇరుసుల మీద తిరుగుతుంది. శక్తి తక్కువ, పట్టు ఎక్కువ. ఒక ఇంజనుకు ఎక్కువ ఇరుసులు ఇవ్వడమే స్లగ్ వెనకున్న ఆలోచన అయితే, మనవాళ్లు దాన్ని ఒకే ఫ్రేములో సాధించారు. అమెరికా యార్డుల ఇరుకు మలుపుల్లో ఆరిరుసుల లోకోల బోగీలు పట్టాలను ఎక్కువగా అరగదీస్తాయి కనుక వారికి నాలుగిరుసుల జంట అనువైంది.

పాత డీజిళ్లకు మన దగ్గర వేరే దారులు వెతికారు. వారణాసిలో రెండు డబ్ల్యుడిజి-3ఏ లోకోల ఇంజన్లు తీసేసి, పైనున్న తీగ నుంచి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ పెట్టి, 10,000 హార్స్‌పవర్ జంట విద్యుత్ లోకోగా మార్చి 2019 ఫిబ్రవరిలో ప్రారంభించారు. ఇంజను తీసేసి పాత లోకోను మళ్లీ వాడుకోవడం వరకు అది కూడా స్లగ్ బాటే, తల్లి స్థానంలో పైనున్న తీగ ఉందంతే.

అయినా ఒక్క చోట మాత్రం మీ ఆలోచనను కొట్టిపారేయను. ఉక్కు కర్మాగారాల్లో, ఓడరేవుల్లో, తీగలు వేయడానికి వీలులేని లోడింగ్ లైన్లలో బరువైన రేకులను గంటల తరబడి అంగుళం అంగుళం చొప్పున జరుపుతూ ఉండాలి. అలాంటి చోట పాత లోకో ఒకటి బాగుండి, దాని పక్కన ఇంజను పాడై మోటార్లు బాగున్న మరొకటి పడి ఉంటే, రెండో దాన్ని తుక్కుకు అమ్మే ముందు కాగితం మీద ఈ లెక్క ఒకసారి వేసి చూడమంటాను. ఆ లెక్కకు కావలసినవి నాలుగే సంఖ్యలు: రేకు బరువు, లైను వాలు, లోకో బరువు, మోటారు నిలకడగా భరించే కరెంటు. మీకు తెలిసిన ప్లాంటు వివరాలు ఏవైనా ఉంటే ఆ నాలుగూ ఇక్కడ రాయండి, లెక్క నేను వేసి పెడతాను.